కుట్టు నేర్పే షాకేరా

రూప్లి ఒక కాలికి రబ్బరు చెప్పు, ఇంకో కాలికి తోలు చెప్పు వేసుకుని బడికి వెళ్లిన రోజున మూడో తరగతి పిల్లలు పొద్దంతా నవ్వు ఆపుకోలేక అవస్థ పడ్డారు. మధ్యాహ్నం బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నప్పుడు గానీ ఆమెకు సంగతి తెలియలేదు. తెలిశాక తనూ పిల్లలతో కలిసి నవ్వింది. సాయంత్రం ఆ మాట భర్తకు చెబుతూ మాత్రం ఏడ్చేసింది.

అది పంతొమ్మిది వందల ఎనభై ఏడు. రూప్లికి టీచరు ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. ఏన్కూరులో కిరాయికి ఉంటూ, అక్కడికి రెండు మైళ్ల దూరంలో అడవి అంచున ఉన్న పల్లెకు నడిచి వెళ్లేది. ఆ బడికి ఆమె ఒక్కతే టీచరు. ఎనిమిది నెలల కూతురు ద్వాలిని చంకనేసుకుని వెళ్లి, తరగతి గది దూలానికి చీరతో ఉయ్యాల కట్టి, ఎక్కాలు చెప్పిస్తూ ఒక చేత్తో ఊపేది. భర్త హీరాలాల్ బస్సు కండక్టరు. భద్రాచలం వైపు డ్యూటీ పడితే రెండు రోజులకొకసారి ఇంటి ముఖం చూసేవాడు. తెల్లారకముందే లేచి ఇల్లూడ్చి, అంట్లు తోమి, నీళ్లు పట్టి, వంట చేసి, పాపకు స్నానం చేయించి బయలుదేరేసరికి రూప్లికి తన కాళ్లకు ఏముందో చూసుకునే తీరిక ఎక్కడిది?

"పనామెను పెట్టుకుందాం" అన్నాడు హీరాలాల్.

ఏనుగును కొందామన్నట్టు చూసింది రూప్లి. "మన తండాల ఎవరన్న పెట్టుకున్నరా?"

"మన తండాల టీచరు గూడ ఎవరు కాలే. నువ్వే అయినవ్."

కిరాయి, పాలడబ్బాలు, రెండిళ్ల పెద్దవాళ్లకు పంపేది పోగా నెలకు నలభై రూపాయలకు మించి పెట్టలేరు. ఇంటి యజమానురాలు ఇద్దరిని పంపింది. మొదటామె డెబ్బై అడిగింది. రెండో ఆమె నలభైకి ఒప్పుకుంది గానీ, "మీదే ఊరు?" అని అడిగి, కారేపల్లి పక్క తండా అని వినగానే, రేపు వస్తానని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదో రూప్లికి తెలుసు. ఆ సంగతి హీరాలాల్‌కు చెప్పలేదు. ఆమెకు వేరే ఇల్లు దొరికిందట అని మాత్రం అంది.

మూడో ఆమె ఎవరూ పంపకుండానే వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. ఉతికి మడత పెట్టిన చీర, చేతిలో కూరగాయల సంచి. సంచిలో ఏమీ లేదు.

"టీచరమ్మా, ఇంట్ల పనికి మనిషి కావాల్నంటున్నరట" అంది గడప అవతల నిలబడి.

ఆమె పేరు షాకేరా. భర్త మజహర్ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఊరంతా స్టీలు గిన్నెలు కొనుక్కున్నాక అతని కొలిమి వారానికి రెండు రోజులు కూడా రాజేసే పని లేకుండా పోయింది. ఇదంతా ఆమె ఒక్కసారే చెప్పలేదు. కొద్దికొద్దిగా, నేల చూస్తూ చెప్పింది. రూప్లి ఆమెకు కుర్చీ చూపించింది. పనికోసం వచ్చిన తనకు కుర్చీ ఎందుకు వేశారో షాకేరాకు అర్థం కాలేదు. కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లను బేరం ఎలా అడగాలో రూప్లికీ తెలియలేదు. ఇద్దరూ కాసేపు పాపను చూస్తూ కూర్చున్నారు.

"నలభై ఇయ్యగలుగుతం" అంది రూప్లి చివరికి.

"నలభైకి ఏమేం చెయ్యాలె?"

"నాకు తెల్వదక్కా. నేనెప్పుడూ ఎవర్నీ పెట్టుకోలే."

"నేను గూడ ఎవరింట్ల చెయ్యలే" అంది షాకేరా. ఆ మాటతో ఇద్దరికీ కాస్త ఊపిరి ఆడింది. ఊడవడం, తుడవడం, అంట్లు. బట్టలు వద్దు. శుక్రవారం మధ్యాహ్నం లోపల వదిలిపెట్టాలి. లేచి వెళ్లబోతూ షాకేరా ఒక మాట అడిగింది. "నేను పనికొస్తున్ననని మా గల్లీల చెప్పకు. మా ఆయన చిన్నబోతడు. టీచరమ్మకు కుట్టు నేర్పుతున్న అని చెప్పుకుంట."

"నీకు కుట్టు వస్తదా?"

"గుండీలు కుడత" అంది షాకేరా.

మొదటి వారం చాలా కష్టంగా గడిచింది. పరాయి మనిషి వచ్చి తమ చెత్త చూస్తుందంటే రూప్లికి తలకొట్టేసినట్టుండేది. షాకేరా వచ్చేలోపలే లేచి ఇల్లు ఊడ్చేసేది. మాడిన గిన్నెలు తానే తోమి, గ్లాసులూ పళ్లేలూ నాలుగు మాత్రం బయట పెట్టేది. ఆరో రోజు షాకేరా ఆ నాలుగు పళ్లేలనూ చూసి, చీపురు గోడకు ఆనించి నిలబడింది.

"నా పని నచ్చలేదా టీచరమ్మా?"

"అయ్యో, ఎందుకట్ల అంటున్నవ్?"

"నువ్వే అంతా చేస్తున్నవ్. రేపో ఎల్లుండో వద్దంటవని నాకు భయమైతుంది. రాత్రి నిద్ర వస్తలేదు."

తన సిగ్గు ఇంకొకరికి భయంగా మారుతుందని రూప్లి ఊహించలేదు. మర్నాడు మాడిన గిన్నెతో సహా అన్నీ బయట పెట్టి, పాపకు నూనె రాస్తూ కూర్చుంది. షాకేరా పని చేస్తూ సన్నగా ఏదో పాడుకుంది. ఆమెకు గొంతు ఉందని రూప్లికి అప్పుడే తెలిసింది.

అలా నెల తిరిగింది. ఆదివారం, బడికి సెలవు. షాకేరా ముందుగది ఊడుస్తోంది. వాకిట్లో గవ్వల చప్పుడు వినిపించింది. రూప్లి కిటికీలోంచి చూసి ఉలిక్కిపడింది. అత్త బాలి, మొదటి బస్సుకు దిగి, నెత్తిన మక్కజొన్న కంకుల మూటతో వస్తోంది. అద్దాల రవిక, గవ్వలు కుట్టిన సంచి, మోచేతి దాకా గాజులు. రూప్లి ఆమెను యాడీ అని పిలిచేది. యాడీ అంటే అమ్మ.

కోడలు కూర్చుని ఇంకొకరితో ఊడ్పించుకుంటోందని యాడీ చూస్తే ఇంకేమైనా ఉందా? రేపటికి తండా అంతా పాకుతుంది. రూప్లి షాకేరా చేతిలో చీపురు లాక్కుని తలుపు వెనక పడేసింది.

"యాడీ, ఈమె షాకేరక్క. నాకు కుట్టు నేర్పనీకె వస్తది" అంది, ఎవరూ అడగకముందే.

షాకేరా ఒక్క క్షణం తడబడి, చేతులు కొంగుకు తుడుచుకుని సలాం చేసింది. ఆ అబద్ధం ఆమెకు అలవాటైందే.

బాలికి ఇంటికొచ్చిన మనిషంటే ప్రాణం. షాకేరాను కుర్చీలో కూర్చోబెట్టింది. పొయ్యి వెలిగించి కంకులు కాల్చింది, చాయ్ పెట్టింది. తర్వాత సగం ఊడ్చి ఉన్న గది చూసి, తలుపు వెనక చీపురు తీసింది. "చుట్టాలొచ్చిన ఇల్లు ఇట్ల ఉంటే ఎట్ల?" అంటూ ఊడవడం మొదలుపెట్టింది. రూప్లి అడ్డం వెళ్తే, "నువ్వు పిల్లను చూస్కో" అని పక్కకు జరిపింది.

షాకేరా కంకి పట్టుకుని కూర్చుంది గానీ కళ్లు చీపురు మీదే ఉన్నాయి. బాలి ఆరుబయట కళ్లాలు ఊడ్చిన మనిషి. పెద్ద పెద్ద విసుర్లతో దుమ్మంతా లేపుతోంది. ఆ దుమ్ము షాకేరా నిన్న తుడిచిన అలమార మీద వాలుతోంది. కాసేపు ఓర్చుకుంది. ఇక ఆగలేక, "పెద్దమ్మా, మంచం కింద ఇంక ఉన్నది" అంది.

బాలి నడుం నిటారు చేసి ఆమెను చూసింది. మంచం కింద ఊడ్చి, చేతులు కడుక్కుని, తన సంచిలోంచి ఒక గుడ్డ తీసి ఆమె ఒళ్లో పెట్టింది. మనవరాలికి కుడుతున్న టోపీ అది. సగం అద్దాలు కుట్టి ఉన్నాయి, సగం గుడ్డ ఖాళీగా ఉంది.

"నా కండ్లు సరిగ్గ కనవడ్తలెవ్వు. కుట్టు నేర్పేదానివి కదా బిడ్డా, గీ రెండద్దాలు నువ్వు కుట్టు."

షాకేరా రూప్లి వైపు చూసింది. రూప్లి పాప జుట్టులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. షాకేరా సూది తీసుకుంది. మూడుసార్లు దారం ఎక్కించడంలోనే తప్పింది. నాలుగోసారి ఎక్కించి, అద్దాన్ని గుడ్డ మీద పెట్టి, తనకు వచ్చిన ఒక్క పద్ధతిలో కుట్టింది. అద్దం జారి నేల మీద దొర్లింది. మళ్లీ పెట్టి కుట్టింది. ఈసారి టోపీ తన చీర కొంగుకు కలిసిపోయింది.

బాలి ఆ కొంగును పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "రూప్లీ, ఈమె నీకు నేర్పుతదా? ఈమెకెవరు నేర్పుతరు మరి?"

ముందు షాకేరాకే నవ్వొచ్చింది. ఆపుకోబోయి దగ్గింది. ఆ దగ్గు విని రూప్లి నవ్వింది, వెంటనే ఏడుపు ముఖం పెట్టింది. ఇక దాచేదేమీ లేదని చెప్పేసింది. పనామెను పెట్టుకున్నామనీ, తండాలో తెలిస్తే పేరు పోతుందని అబద్ధం ఆడాననీ చెప్పి, అత్త ముఖం చూడలేక గోడ వైపు తిరిగింది.

షాకేరా లేచి కొంగు విడిపించుకోబోయింది. "పెద్దమ్మ వచ్చింది కదా టీచరమ్మా. ఇగ నేనెందుకు? పోయొస్త."

"కూసో" అంది బాలి. గొంతు గట్టిగా లేదు గానీ షాకేరా కూర్చుంది. బాలి ఆమె ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుంది. "ఏమిస్తది నీకు?"

"నలభై."

"బట్టలు గూడనా?"

"బట్టలు లెవ్వు."

"జరమొస్తే?"

ఆ మాట ఎవరూ అనుకోలేదు. షాకేరా రూప్లిని చూసింది. రూప్లి ఇటు తిరిగింది.

"జరమొచ్చిననాడు కోస్తవా, ఇస్తవా?" బాలి ఈసారి కోడలిని అడిగింది.

"ఇస్త" అంది రూప్లి.

"పండుగకు?"

"చీర పెడత."

"వాళ్ల పండుగకా, మన పండుగకా?"

రూప్లి తడుముకుంది. "వాళ్ల పండుగకే."

బాలి తలూపింది. ముప్పై ఏళ్లు ఆమె మిరప తోటల్లో కూలికి వెళ్లిన మనిషి. కలుపు తీసే ఆడవాళ్ల తరఫున ఆసాములతో కూలి మాట్లాడేది ఆమే. ఒక ఏడాది ఓ ఆసామి ఇంట్లో కొట్టం ఊడ్చే పనికి కుదిరింది. వాళ్లు ఆమె చాయ్ గ్లాసు విడిగా గోడ గూట్లో పెట్టేవాళ్లు. ఒకరోజు వాకిట్లోనే నిలబెట్టి రేపట్నుంచి రావద్దన్నారు. ఎందుకో చెప్పలేదు. ఇంటికి నడిచి వస్తుంటే తాను ఏం తప్పు చేసిందో దారంతా వెతుక్కుంది. ఆ కథ కోడలికి అప్పుడే మొదటిసారి చెప్పింది, కంకి గింజలు ఒలుస్తూ, మామూలు మాటలా.

"పని చేయించుకుంటే పేరు పోదు" అంది బాలి. "పనికొచ్చిన మనిషిని కుట్టు నేర్పేదని చెప్పి కూసోబెడితే, ఇయ్యాల ఆమెకు కూలి వచ్చినట్టా, పోయినట్టా? గది చెప్పు ముందుగల్ల."

"వచ్చినట్టే యాడీ."

"మరి నువ్వున్నన్ని రోజులు నువ్వే ఊడుస్తవా యాడీ?" అని అడుగుదామనుకుని రూప్లి ఆగిపోయింది. బాలి కనిపెట్టినట్టు తనే అంది. "నేను ఊడ్వనీకె రాలే. పిల్లతోని ఆడుకోనీకె వచ్చిన. ఇగ నీ చీపురు నువ్వు తీస్కో బిడ్డా, మీ టీచరమ్మ ఇల్లంత దుమ్ము చేసిన."

"అవ్ పెద్దమ్మా, అలమారంత చేసినవ్" అంది షాకేరా, చీపురు అందుకుంటూ.

బాలి పది రోజులుంది. షాకేరా పని అయ్యాక అరగంట ఆగేది. బాలి ఆమెకు అద్దం జారకుండా దారం అడ్డంగా, నిలువుగా ఎలా బిగించాలో చూపించేది. మొదటి నాలుగు అద్దాలు వంకరగా వచ్చాయి. ఐదోది నిలిచింది. ఆ రోజు షాకేరా టోపీని ఇంటికి తీసుకెళ్లి మజహర్‌కు చూపించింది. చూపిస్తూ, పనికి వెళ్తున్న సంగతి కూడా చెప్పేసింది. అతను ఆ టోపీ అద్దంలో తన మీసం చూసుకుని, "వానల్ల ఎట్ల పోతవ్? గొడుగు తీస్కపో" అన్నాడట. రూప్లికి ఆ మాట చెబుతున్నప్పుడు షాకేరా కళ్లు మెరిశాయి.

తండాలో ఏమంటారోనన్న బెంగ కూడా ఎక్కువ రోజులు లేదు. సంతలో కలిసిన తమవాళ్లకు బాలి తనే చెప్పింది. "మా కోడలింట్ల పనామె ఉన్నది. నెలకింతని ఇస్తది, జరమొస్తే గూడ కొయ్యది. నేనే మాట్లాడిన" అని. ఆ చివరి మాట దగ్గర గొంతు కొంచెం పెంచేది.

బాలి వెళ్లే ముందురోజు సాయంత్రం రూప్లి బడి నుంచి వచ్చేసరికి ఇల్లు చల్లగా, తడి ఆరీ ఆరని నేలతో ఉంది. అంట్లు బోర్లించి ఉన్నాయి. బిందెల నిండా నీళ్లున్నాయి. అత్త పాపను ఎత్తుకుని పెరట్లో కోళ్లను చూపిస్తోంది. చేయడానికి ఏమీ కనపడక రూప్లి రెండు గదులూ తిరిగింది. తర్వాత నులకమంచం మీద కాసేపు నడుం వాల్చింది. ఇంకా ఎండ ఉంది. పగలు పడుకోవడం ఆమెకు ఊహ తెలిశాక అదే మొదలు.

హీరాలాల్ డ్యూటీ దిగి, టికెట్ల పెట్టె గలగలలాడిస్తూ గడప ఎక్కాడు. బాలి లోపలికి వచ్చి వేలు పెదవుల మీద పెట్టింది.

"చప్పుడు చెయ్యకు. నిద్రపోతుంది" అంది. "అన్నం నువ్వే పెట్టుకుని తిను."

అతను పెట్టెను నెమ్మదిగా కింద దించి, చెప్పులు బయటే విడిచి, మునివేళ్ల మీద వంటింట్లోకి నడిచాడు.