సాయవ్వ కట్టుకోని నడుం పట్టీ

నేను ఒక నడుం పట్టీని. వీపున రెండు ఇనుప బద్దలు, ముందు మూడు బకిల్సు. మనిషిని వంగనివ్వకపోవడమే నా పని. మొండిదాన్ని, ఒప్పుకుంటాను. మొదట ఒక రిటైర్డ్ పంతులమ్మ నన్ను మూడు నెలలు విప్పకుండా కట్టుకుంది. ఆపరేషన్ లేకుండానే ఆమె విరిగిన వెన్నుపూస అతుక్కుంది. అబ్బో, అప్పుడు నా పొగరు చూడాల్సింది! పని అయిపోయాక ఆమె నన్ను ఆస్పత్రికే ఇచ్చేసింది.

అక్కణ్నుంచి సాయవ్వ దగ్గరికి వచ్చాను. నిజామాబాదు పక్క ఊరు, అరవై రెండేళ్లు, నలభై ఏళ్లుగా బీడీలు చుట్టే మనిషి. బిందె ఎత్తబోతే వెన్నులో పూస పుటుక్కుమంది.

డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. "ఎముకలు గుల్లబారినయి పెద్దమ్మా. చిన్న ఆపరేషన్ జేసి పూసలోపట సిమెంటు ఎక్కిస్తే నొప్పి జల్ది తగ్గొచ్చు. పట్టీతోటి గూడ మస్తుమందికి అతుకుతది. గని మూడు నెలలు వంగొద్దు."

"కోతలొద్దు సారూ, పట్టే ఇయ్యుండ్రి," అంది సాయవ్వ.

బీడీలు చుట్టాలంటే ఒళ్లో పొగాకు చేట పెట్టుకుని వంగాలి. నేనుంటే వంగలేదు. బీడీలు అప్పజెప్పకపోతే కంపెనీలో తన పేరు కొట్టేస్తారని ఆమె భయం. కోడలు లావణ్య బడిలో వంట చేయడానికి వెళ్లగానే నన్ను విప్పి, నేల మీద పరిచి, నా మీదే కూర్చునేది! కోడలి చెప్పుల చప్పుడు వినపడితే గబగబా బిగించుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"దినాం ఏస్కుంటున్నవా?" అని డాక్టరు ప్రతి నెలా అడిగేవాడు.

"ఏస్కుంటున్న సారూ."

అంత మంచి డాక్టరు ముందు కాదంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఆమె లెక్క. పిచ్చి తల్లి!

మూడో నెలలో ఇంకో పూస కూలింది. పొద్దున లేవబోతే కాళ్లు తనవి కానట్టు పడి ఉన్నాయి. లావణ్య ఆటోలో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకొచ్చింది.

"పట్టీ పని చెయ్యలేదమ్మా," అన్నాడు డాక్టరు లావణ్యతో, అదే మాట కాగితం మీద రాసుకుంటూ. "ఎముక నరాన్ని ఒత్తుతున్నది. ఇగ పెద్ద ఆపరేషనే. నడుస్తదని మాట ఇయ్యలేను."

పట్టీ పని చేయలేదట! కట్టుకుంటే కదా! అయినా ఇప్పుడు నా గొప్ప ఎవరికి కావాలి? లావణ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపు చూడలేకపోతున్నాను.

డాక్టరు సూది తీశాడు. "కండ్లు మూస్కో పెద్దమ్మా. కాలి వేలికి గుచ్చుత. తెలిస్తెనే తెలిసిందని చెప్పు. దాన్ని బట్టే ఏం జెయ్యాల్నో చూస్త."

సాయవ్వ కళ్లు గట్టిగా మూసుకుంది.

"తెలుస్తున్నది సారూ."

ఆయన ఇంకా గుచ్చలేదు.