సీఎన్‌సీ: ఇంకా రాదు

వీరభద్రం ఇరవై ఏడు ఉద్యోగాలకు అప్లై చేస్తే ఒక్కచోటి నుంచీ ఉలుకూ పలుకూ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద ఇనుము చెక్కి లారీ షాఫ్టులు తీసినవాడు, భార్య పద్మజ ఉద్యోగం పుణ్యమా అని అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చి మూడేళ్లుగా ఇంట్లో గిన్నెలు తోముతున్నాడు. వర్క్ పర్మిట్ వచ్చాక చేతులు మరీ దురదపెట్టసాగాయి. ఇంకొన్నాళ్లు మిషన్ ముట్టుకోకపోతే ఉన్న పనితనం కాస్తా పోతుందని అతని భయం.

ఆదివారం కింది ఫ్లాట్ వినీత్ వచ్చి రెజ్యూమే చూసి నవ్వాడు. అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

"అన్నా, 'టర్నర్' అని రాస్తే ఇక్కడ నీ ఇంటిపేరనుకుంటారు. 'మాన్యువల్ మెషినిస్ట్' అని పెట్టు."

"రెండూ ఒకటే పనా?"

"పనొకటే, పేరే వేరు. రెజ్యూమేలు ముందు చదివేది మనుషులు కాదన్నా, సాఫ్ట్‌వేర్. దానిక్కావలసిన కీవర్డ్ కనిపించకపోతే పక్కన పడేస్తుంది."

అది న్యాయంగానే తోచి మార్చాడు. ఆ వెంటనే వినీత్ 'సీఎన్‌సీ ప్రోగ్రామింగ్, ఐదేళ్లు' అని టైప్ చేశాడు. కంప్యూటర్ నడిపే మిషన్ అది. వీరభద్రం దాన్ని ఓసారి ఎగ్జిబిషన్‌లో అద్దాల వెనక చూశాడంతే.

"నాకు రాదు కదయ్యా!"

"యాడ్‌లో అడిగారుగా. అబద్ధమాడినా అతికినట్టుండాలి, అంతే. నేను స్టోర్‌కెళ్లొస్తా, సబ్‌మిట్ కొట్టెయ్."

వినీత్ వెళ్లాక వీరభద్రం ఆ లైను వంక చూస్తూ కూర్చున్నాడు. ఆటోనగర్‌లో పని నేర్పిన శేషగిరి మేస్త్రీ గుర్తొచ్చాడు. ఆ రేకుల షెడ్డూ, మాడిన నూనె వాసనా గుర్తొచ్చాయి. మిషన్ శబ్దం కాస్త మారితే చాలు, మేస్త్రీ తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేసేవాడు. "ఇనుము చెబుతోందిరా, విను" అనేవాడు. అక్కడ ఆరేళ్లు చేశాక గల్ఫ్‌లో ఉద్యోగానికి పదేళ్ల సర్టిఫికెట్ కావాల్సొచ్చింది. కాళ్లావేళ్లా పడ్డా మేస్త్రీ ఆరేళ్లనే రాసి సంతకం పెట్టాడు. ఆ గల్ఫ్ ఉద్యోగం చెయ్యిజారింది. కోపంతో షెడ్డుకు ఎగనామం పెట్టి ఆర్నెల్లు ఇంట్లో కూర్చున్నాడు. తిరిగెళ్లిన రోజు మేస్త్రీ పల్లెత్తు మాట అనలేదు. "షాఫ్ట్ బిగించి ఉంది, చూడు" అన్నాడంతే. ఆ షెడ్డు మీద వీరభద్రానికి చెప్పలేనంత బెంగ కలిగింది.

వినీత్ రాసిన లైను చెరిపేశాడు. అయితే అడిగినదానికి జవాబివ్వకపోవడం మర్యాద కాదనిపించి ఇలా రాసి సబ్‌మిట్ కొట్టాడు: 'సీఎన్‌సీ: ఇంకా రాదు. మాన్యువల్ లేత్: పదహారేళ్లు.'

సాఫ్ట్‌వేర్‌కి 'ఇంకా రాదు' పట్టలేదు. 'సీఎన్‌సీ' కనిపించింది, పైకి పంపేసింది. మూడో రోజు ఇంటర్వ్యూకి రమ్మని ఫోనొచ్చింది.

వర్క్‌షాప్ ఫోర్‌మన్ తెల్లజుట్టు పెద్దాయన. "నలభై మందికి సీఎన్‌సీ వచ్చట. రాదన్నవాడివి నువ్వొక్కడివే. రా, నీకొచ్చింది చూపించు" అంటూ వెనకగదిలోని పాత లేత్ దగ్గరకు తీసుకెళ్లాడు. మూడేళ్ల తర్వాత మిషన్ మీద చెయ్యి వేసి, వీరభద్రం ఓ షాఫ్ట్ బిగించాడు. షాఫ్ట్ సగం తీశాక శబ్దం మారింది. వెంటనే ఆపి, అరిగిన టూల్ మార్చాడు. ఫోర్‌మన్ తాగుతున్న కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు.

"నీ పదహారేళ్లకు సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా?"

విజయవాడలో అప్పుడు సాయంత్రం. వీరభద్రం వీడియో కాల్ చేశాడు. శేషగిరి మేస్త్రీ కళ్లజోడు సవరించుకుంటూ కనిపించాడు.

"గురువుగారూ, మీ దగ్గర ఎన్నేళ్లు చేశానో ఈయనకి చెప్పాలండీ. పదహారని రాశాను."

"పదహారేంట్రా? పదిహేనున్నర! మధ్యలో ఆర్నెల్లు అలిగి ఇంట్లో కూర్చోలా?"

వీరభద్రానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆదివారం ఆ ఆర్నెల్లను తలుచుకుని మరీ బెంగపడ్డాడు గానీ, లెక్కలోంచి తీసెయ్యాలని తట్టనేలేదు.

"ఏమంటున్నాడు?" అన్నాడు ఫోర్‌మన్.

ఆ గదిలో తెలుగు తెలిసింది వీరభద్రానికి ఒక్కడికే. ఏం చెప్పినా చెల్లుతుంది.

"పదహారు తప్పంటున్నారు. పదిహేనున్నరే" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఫోర్‌మన్ ఫోన్‌లోని మనిషిని కాసేపు చూశాడు. రెజ్యూమేలో పదహారు కొట్టేసి పదిహేనున్నర అని దిద్దాడు. "సోమవారం ఏడింటికి వచ్చెయ్. సీఎన్‌సీ మేం నేర్పుతాం."

"ఏమంటాడ్రా?" అని ఫోన్‌లోంచి మేస్త్రీ అడిగాడు.

"పనిలోకి రమ్మన్నారండీ."

"సరే, ఆ మిషన్ ఆన్ చేసి ఫోను దగ్గర పెట్టు. ఓసారి వింటాను."