తొమ్మిదేళ్ళు ఎక్కువ రాసిన పాస్‌పోర్టు

నేను ఒక పాస్‌పోర్టును. నీలం అట్ట, దాని మీద బంగారు రంగు సింహాలు. పైకి ఇంత దర్పం ఉన్నా, నాలో పుట్టుకతోనే ఒక అబద్ధం ఉంది. నా మనిషి పెంచలమ్మది రాజంపేట దగ్గర పల్లె. గల్ఫుకు ఇంటిపనికి పోవాలంటే ఆడవాళ్ళకు ముప్పై నిండాలని మన సర్కారు నిబంధన. లోకం తెలియని పిల్లలు మోసపోకూడదని పెట్టారు, మంచిదే. పెంచలమ్మకు అప్పటికి ఇరవై రెండు. ఏజెంటు సుదర్శనం బడి సర్టిఫికెట్టులో తొమ్మిదేళ్ళు కలిపించాడు. "లోకమంతా వయసు తగ్గించుకుంటాది. నువ్వు పెంచుకుంటే ఎవురు తప్పు పడతారు మే?" అన్నాడు. ఏడాది బిడ్డను అక్క దగ్గర వదిలి, ఆమె నన్ను పట్టుకుని విమానం ఎక్కింది.

ఏ దేశమో చెప్పను. పాస్‌పోర్టుకూ కేసుల భయం ఉంటుంది. దిగిన రోజే, పనికి కుదిరిన ఇంటావిడ నన్ను తీసుకుని బీరువా సొరుగులో పెట్టి తాళం వేసింది. పనివాళ్ళ పాస్‌పోర్టులు యజమానులు దగ్గర పెట్టుకోకూడదని అక్కడ చట్టం ఉంది. ఆ చట్టం రాసినాయన ఇంట్లోనూ ఇలాంటి సొరుగు ఒకటి ఉండే ఉంటుంది. నాకు తోడు ఒక సింహళ పాస్‌పోర్టు, దాని పైన కర్పూరం ఉండలు. ముప్పై దాటిన మనిషి మెట్లు ఇంత చకచకా ఎక్కుతుందే అని ఇంటావిడ ముచ్చటపడి, మేడ మీద కొడుకు కాపురం పని కూడా ఆమెకే అప్పగించింది.

రెండేళ్ళ ఒప్పందం తీరాక పంపమంటే పండగ పోనీ అంది. పండగ పోయాక కోడలి పురుడు వచ్చింది. మూడో ఏడు గడిచిన ఒక శుక్రవారం, చెత్త పడేయడానికి కిందికి దిగిన పెంచలమ్మ మళ్ళీ పైకి రాలేదు. ఇంటావిడ పరారీ కేసు పెట్టి నన్ను పోలీసులకు ఇచ్చింది. పారిపోయింది ఆమె, పట్టుబడింది నేను.

పదహారు నెలలు ఆమె ఎవరెవరి ఇళ్ళలోనో దాక్కుని పని చేసిందట. వీధిలో తనిఖీ బండి కనిపిస్తే నీళ్ళ ట్యాంకు వెనక నక్కేదట. ఇంతలో ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించింది. కాగితాలు లేనివాళ్ళు నెలాఖరులోగా శిక్ష లేకుండా సొంత దేశం పోవచ్చు, గడువు దాటితే జైలు. ఆ మాట నమ్మి పెంచలమ్మ బయటికొచ్చి, మన దేశపు రాయబార కార్యాలయం వాళ్ళ వసతిలో చేరింది. నాలుగో రోజుకి మాట మారింది. పరారీ కేసులున్నవాళ్ళకు క్షమాభిక్ష లేదన్నారు. ఒక లాయరమ్మ నలభై మంది తరఫున కోర్టుకెక్కింది. వీళ్ళకూ ఉందని కోర్టు చెప్పింది. అప్పుడు ఆ దేశపు అధికారులు, పోవచ్చు గానీ సొంత ఊరి రికార్డుతో పాస్‌పోర్టు సరిపోవాలన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

పోలీసుల ఫైలు నుంచి నేను మన కార్యాలయం కౌంటరుకు చేరేసరికి గడువుకు మూడు రోజులే మిగిలాయి. ఊరి నుంచి వచ్చిన ఆధార్ ప్రకారం ఆమెకు ఇరవై ఆరు. నా ప్రకారం ముప్పై అయిదు.

గుమాస్తా తెలుగువాడే. గొంతు తగ్గించి చెప్పాడు. "చూడమ్మా, పాస్‌పోర్టే నిజమంటే ఊరి కాగితాలు మళ్ళీ తెప్పించాలి, ఈలోగా గడువు పోతుంది. పాస్‌పోర్టు అబద్ధమని రాసిస్తే తాత్కాలిక పత్రం ఇస్తాం, ఇంటికి పోతావు. కానీ దొంగ వయసు పెట్టినందుకు అక్కడ నీ మీద కేసు పడుతుంది. ఏజెంటుతో పాటు నువ్వూ ముద్దాయివే."

పెంచలమ్మ నన్ను చేతిలోకి తీసుకుని తెరిచింది. నాలో ఉన్న ఫోటో ఆమెదే. ఇదొక్కటీ నిజమని అరవాలనిపించింది నాకు.

"ఆ కేసు యాడ జరుగుతాది సార్?"

"మీ జిల్లాలోనే."

"అయితే పెట్టుకోండి సార్. వాయిదాలకి బిడ్డనెత్తుకుని పోతా. ఈడ జైల్లో ఉంటే బిడ్డ మొగమన్నా కనపడదు."

కాగితం మీద సంతకం చేసి, నన్ను కౌంటరు అవతలికి నెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఈమె పెంచలమ్మే అని చెప్పడం తప్ప నాకు వేరే పని రాదు.

చెల్లదని గుర్తుగా నా మూల కత్తిరించి, సీలు వేసి, ఆమె జిల్లా కోర్టుకు పంపారు. ఇప్పుడు నా కాపురం రికార్డు గదిలో. ఏజెంటు పై కోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకున్నాడు, కేసు కదలదు. వాయిదాలు మాత్రం ఆగవు. మొన్న నన్ను హాలులోకి తెచ్చారు. బంట్రోతు "ముద్దాయి పెంచలమ్మ" అని మూడుసార్లు పిలిచాడు. భుజం మీద నిద్రపోతున్న అయిదేళ్ళ పిల్లను సర్దుకుంటూ ఆమె లేచి నిలబడింది.

"ఈడనే ఉండాను సార్," అంది.