ఉపదేశిగారి పాట

ఉపదేశిగారి లాల్చీకి గంజి పెడుతూనే రెబ్కా పాట అందించింది. గంజి చల్లారి చిక్కబడిపోతోంది, చేతులు మోచేతుల దాకా అందులోనే ఉన్నాయి, అయినా సంజీవరావు అద్దం ముందు గడ్డం గీసుకుంటూ "ఏదీ, ఒకసారి అను" అన్నాడు కాబట్టి అనాల్సిందే. ఆమె పెదవులు కదపకుండా గొంతులోనే సన్నగా కూనిరాగం తీసింది. ఆయన దాన్ని అందుకుని రెండు చరణాలు పాడి, "చూశావా, ఇవాళ గొంతు ఎంత బాగా పలుకుతోందో" అన్నాడు. రెబ్కా చూసింది. గంజి ఉండలు కట్టింది, అదీ చూసింది.

సంగతేమిటంటే, సంజీవరావు ఆ ఊరి ఏసు గుడికి ఉపదేశి. వాక్యం బాగా చెబుతాడు, ఎవరింట్లో జ్వరమొచ్చినా పరుగెత్తుకెళ్ళి ప్రార్థన చేస్తాడు, చెడ్డవాడని పగవాళ్ళు కూడా అనరు. కాకపోతే పాట ఎత్తుకోవడం రాదు. ఎవరైనా మొదలుపెట్టి ఇస్తే చివరిదాకా లాక్కుపోతాడు గానీ, తనంతట తాను మొదలుపెట్టాడంటే ఒకసారి పాతాళంలో ఉంటాడు, ఒకసారి ఆకాశంలో ఉంటాడు. గుడికి హార్మోనియం లేదు. ఒక డోలు, రెండు జతల తాళాలు, అంతే. అందుకని పెళ్ళయిన కొత్తలోనే అత్తగారు ఆదెమ్మ కోడలికి ఆ విద్య అప్పగించింది. ఆడవాళ్ళ చాప మీద ముందు వరసలో కూర్చోవాలి. ఆయన పాటల పుస్తకం తెరవగానే కొంగు నోటికడ్డం పెట్టుకోవాలి. ఆయన గొంతుకు సరిపోయేటంత కిందకి దిగి ఒక్క ముక్క కూనిరాగం తీయాలి. ఆయన అందుకుంటాడు, ఆయన్ని ఊరంతా అందుకుంటుంది. ఆదెమ్మ మొగుడూ ఉపదేశే, ఆయనకీ పాట ఎత్తుకోవడం రాదు. "మీ మామగారికి బతికినన్నాళ్ళూ నేనే అందించాను. ఒక్కళ్ళకి తెలియనిచ్చానా? తెలియనివ్వకపోవడమేనే కాపురమంటే" అని చెప్పింది ఆదెమ్మ.

అవి ఎనభైల నాటి రోజులు, పల్లెల్లోకి టీవీలు ఇంకా రాలేదు. ఆ ఏడు ఫిబ్రవరిలో కొండవీటి కోట దగ్గర అన్ని మతాల భక్తి పాటల పండగ పెట్టారు. పై దేశాల వాళ్ళు కూడా వచ్చి పాడతారని చెప్పుకున్నారు. జీపులో ఒక ఆఫీసరు ఆదివారం గుడికొచ్చి విని, ఉపదేశిగారి పాట ముచ్చటగా ఉందని, బృందంతో రమ్మన్నాడు. బృందమంటే మగవాళ్ళేనని, మైకుల ముందు ఆడవాళ్ళు నిలబడితే బాగోదని సంఘపెద్ద జక్రయ్య అక్కడికక్కడే తేల్చేశాడు. సంజీవరావు తల ఊపి ఇంటికొచ్చాక భయపడ్డాడు. మరి అందించేదెవరు? ఆ మాట జక్రయ్యతో చెప్పుకోలేక, తిన్నది ఒంటికి పట్టక, చివరికి వంటకి మా ఇంట్లో మనిషిని తీసుకొస్తానన్నాడు. అలా రెబ్కా కొండవీటికి వంటమనిషిగా బయలుదేరింది. అక్కడ చేయాల్సిన పనులు అసలే కొండవీటి చాంతాడంత ఉన్నాయి. పులిహోర, పెరుగన్నం, బృందానికి వేణ్ణీళ్ళు, ఉతికిన లాల్చీలు. పాట అందించడం అందులో ఆఖరిది. అది పని కిందకి రాదు గనక దాన్ని ఎవరూ పైకి చెప్పలేదు.

అప్పటికి ఆమె మిరపకాయల షెడ్డులో ముచ్చికలు తుంచే పనికి పోతోంది. ఘాటుకి ముక్కూ నోరూ గుడ్డతో కట్టేసుకుని కూర్చుంటారు, ఇక పాటెక్కడిది. ఇంటికొచ్చి దగ్గితే "ఆదివారం ఉందే, గొంతు పాడుచేసుకోకు" అంటాడు సంజీవరావు. ఆ మాటలో ప్రేమ ఎంత, అవసరం ఎంత అని ఆమె చాలాసార్లు చెరిగి చూసుకుంది. గింజ కన్నా పొట్టే ఎక్కువ తేలింది. పెళ్ళికి ముందు పత్తి చేలో ఆమె పాడితే కాలవ అవతల ఉన్న తల్లి పున్నమ్మకి వినపడేదట. అదిగో నీ కూతురని చేలో వాళ్ళు నవ్వేవాళ్ళట. ఆ గొంతు ఇప్పుడుందా? ఉంటే ఎక్కడ మొదలవుతుంది? ఈ మధ్య ఆమెకు అదే ధ్యాస. కోపం కాదు, పోయిన వస్తువు కోసం ఇల్లంతా వెతుక్కునే ఆరాటం. వెతకడానికే చోటు లేదు. ఇంట్లో నోరు విప్పితే ఆదెమ్మ "మెల్లిగానే" అంటుంది. షెడ్డులో నోటికి గుడ్డ, గుడిలో నోటికి కొంగు.

కోట దగ్గర పగిలిన రాతి గుమ్మానికి ఇవతల వేదిక కట్టారు. ఊళ్ళోని ఆడవాళ్ళు కూడా ఆదెమ్మతో సహా ట్రాక్టరెక్కి చూడ్డానికొచ్చారు. రెబ్కా వేదిక వెనక పులిహోర గంగాళం పక్కన కూర్చుని, పని చేస్తున్నంతసేపూ మెడ చాచి చూస్తూనే ఉంది. తలపాగాల వాళ్ళు పాడారు, గుండు చేయించుకున్న సన్యాసులు పాడారు. తర్వాత తెల్ల గౌను తొడుక్కున్న ఒక పరదేశీ ఆవిడ ఒక్కతే వచ్చి, కళ్ళు మూసుకుని, ఏ వాయిద్యమూ లేకుండా పాట ఎత్తుకుంది. భాష తెలియదు గానీ గుడి పాటేనని తెలిసిపోతోంది. రెబ్కా ఆవిడని చూడలేదు, ఆవిడకి అందించే మనిషి కోసం చూసింది. వేదిక వెనక ఒక దొర ఆవిడ శాలువా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఈయనే కాబోలు అనుకుని పెదాలు గమనించింది. ఆయన నోటినిండా తను పెట్టిన పులిహోరే ఉంది.

తర్వాత పాడాల్సింది సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన గుల్జార్ బేగం. యాభై దాటిన మనిషి, పీర్ల పండక్కి తెలుగులో పాటలు కట్టి పాడుతుందట. మంచినీళ్ళకని గంగాళం దగ్గరికొచ్చింది. రెబ్కా చెంబు ఇస్తూ ఉండబట్టలేక అడిగింది.

"మీకు పాట అందించేది ఎవరండీ?"

"అందించడమేంటమ్మాయ్?"

ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట, మళ్ళీ కనపడని మనిషి కాబట్టి, రెబ్కా చెప్పేసింది. గుల్జార్ బేగం నవ్వలేదు. చెంబు ఖాళీ చేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఆయన గొంతు ఎక్కడుందో నీకు తెలుసు. మరి నీదెక్కడుందో ఎప్పుడన్నా చూసుకున్నావా?"

బేగం వెళ్ళి పాడింది. ఎవరివైపూ చూడలేదు, తనకి కుదిరిన చోట మొదలుపెట్టి పాడింది.

చీకటి పడకముందే ఉపదేశిగారి బృందాన్ని పిలిచారు. రెబ్కా అలవాటుగా వేదిక పక్క పరదా దగ్గరికొచ్చి నిలబడింది. సంజీవరావు గంజి లాల్చీలో నిటారుగా నిలబడి, పుస్తకం తెరిచి, ఓరగా ఆమెవైపు చూశాడు. జక్రయ్య దగ్గాడు. జనం సద్దుమణిగారు. ఆమె చెయ్యి కొంగు మీదికి దానంతటదే పోయింది, గొంతు ఆయన గొంతు కోసం దానంతటదే కిందకి దిగింది. ఇవ్వకపోతే ఆయన ఇంతమందిలో నవ్వులపాలవుతాడు. ఆ తర్వాత ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. భయమేసింది. ఆయన మొహంలో చెమట చూస్తే జాలీ వేసింది. కానీ రెండింటికన్నా తెలుసుకోవాలన్న కోరికే పెద్దదైంది. కొంగు వదిలేసింది. పరదా పక్కకి తోసి, దిగిన గొంతును పైకి తెచ్చుకుంటూ, ఇక్కడా, ఇంకొంచెం పైనా అని చూసుకుని, నోరు తెరిచి పదాలతో సహా పాడింది.

మైకు దూరంగా ఉన్నా ఆ గొంతు రాతి గుమ్మానికి తగిలి తిరిగొచ్చింది. సంజీవరావు మొదటి పాదం అందుకోబోయాడు, రెండో పాదంలో గొంతు జీరపోయి ఆగిపోయాడు. మిగతా మగవాళ్ళూ తలో మెట్టు మీద జారిపోయారు. డోలు కుర్రవాడికి ఎత్తూ పల్లంతో పనిలేదు, వాయిస్తూనే ఉన్నాడు. అప్పుడు కింద నేల మీద కూర్చున్న ఊరి ఆడవాళ్ళు అందుకున్నారు. ఏ కష్టమూ లేకుండా, వెతుక్కోకుండా, గొంతెత్తి అందుకున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళందరూ మగవాళ్ళ గొంతు దగ్గర నడుం వంచుకుని పాడారని రెబ్కాకి అప్పుడే తెలిసింది. వాళ్ళని అక్కడికి దించింది తన కూనిరాగమేనని కూడా తెలిసింది, అది తెలిసి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాట పూర్తిచేసింది. అందరిలో ఆదెమ్మ ఒక్కతే పాడకుండా కోడలివైపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున సంజీవరావు అద్దం ముందు నిలబడి, సబ్బు నురగ సగం మొహాన ఉండగా, పదిమందిలో నా పరువు తీశావన్నాడు, జక్రయ్య ఏమనుకుని ఉంటాడన్నాడు, నీకేం తక్కువ చేశానన్నాడు. అంతా అయ్యాక ఆయనే గొంతు తగ్గించి, "సరే అయిందేదో అయింది, ఆదివారం మాత్రం ఎప్పట్లా కిందకి అందించు" అన్నాడు.

"అందించనండి. ఎత్తుకుంటాను. మీకు అందితే పాడండి, అందకపోతే తాళం వెయ్యండి" అంది రెబ్కా.

ఆయన నురగ తుడుచుకుని బయటికి పోయాడు. లాల్చీ దండెం మీద అలాగే ఉంది, ఆమె తీయలేదు. వసారాలో బియ్యం ఏరుతున్న ఆదెమ్మ ఇక మొదలుపెడుతుందని, కాపురం సంగతి మళ్ళీ చెబుతుందని రెబ్కా ఎదురుచూసింది. ఆదెమ్మ చేట కింద పెట్టింది.

"ఏమే," అంది, ఎవరైనా వింటున్నారేమోనని వీధివైపు చూసి. "నాది ఎక్కడుండేదంటావ్?"

రెబ్కా వచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుంది. ఆదెమ్మ అలవాటుగా నోటికడ్డం పెట్టుకున్న కొంగును కోడలే మెల్లగా పట్టుకుని కిందకి దించింది.

"ఎత్తుకోండి అత్తమ్మా. నేను అందుకుంటాను."