రెండో గొంతు

ఆడపడుచుకి చిలక అని పేరు పెట్టిందెవరో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఒక్కసారి వింటే పొల్లుపోకుండా అప్పజెప్పేది కాబట్టి చిన్నప్పుడే ఆ పేరు అతుక్కుపోయింది. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు, చెవులు మాత్రం నలుగురి పెట్టు. కంప్యూటర్లో అక్షరాలు చదివిపెట్టే గొంతును ఎంత వేగంగా పెట్టుకునేదంటే, పక్కన కూర్చున్న వదినకి అది రేకు డబ్బాలో గులకరాళ్లు పోస్తున్నట్టు వినిపించేది.

"ఇందులో నీకేం అర్థమవుతుందే తల్లీ?" అని వదిన అడిగితే, "నీ గురించే చెప్తోంది వదినా. మంచిగానే చెప్తోందిలే" అనేది చిలక.

చిలక ఉద్యోగం ఆవిరి ఇస్త్రీ యంత్రాలు చేసే కంపెనీలో. కొన్నవాళ్లు ఫోన్ చేసి సందేహం అడిగితే, ఒక చెవితో వాళ్ల మాట, ఇంకో చెవితో ఆ యంత్రం పుస్తకం వింటూ జవాబు చెప్పాలి. ఆ పుస్తకాల్లో వాడే పద్ధతంతా ఇంగ్లీషులో ఉంటుంది, జాగ్రత్తలు మాత్రం అందరికీ తెలియాలని తెలుగులో వేస్తారు. వాటిని చిలకలాంటి వాళ్లు వినేలా తయారుచేసే పని వదినది. ఇంట్లో కూర్చునే చేస్తుంది. కంపెనీ వాళ్లతో మాట్లాడి ఆ పని ఇప్పించింది కూడా చిలకే.

పని కష్టం కాదు, విసుగు. ఏ వాక్యం ఏ భాషదో ఫైల్లో గుర్తు పెడుతూ పోవాలి. ఇంగ్లీషని గుర్తుంటే మగ గొంతు చదువుతుంది, తెలుగని ఉంటే ఆడ గొంతు అందుకుంటుంది. పొరపాటున తెలుగు వాక్యానికి ఇంగ్లీషు గుర్తు పెడితే ఆ మగ గొంతుకి తెలుగు ఒక్క ముక్క రాదు. రాదని చెప్పే మర్యాదా లేదు. అక్కడేమీ లేనట్టు దాటేసి తరవాతి వాక్యంలోకి వెళ్లిపోతుంది. చూసేవాళ్లకి మాత్రం పేజీ నిండుగానే కనిపిస్తుంది. అందుకే ఫైలు పూర్తయ్యాక కళ్లు మూసుకుని మొత్తం వినాలని చిలక మొదట్లోనే నేర్పింది. వదిన కొన్నాళ్లు విన్నది. ఆ తరవాత కళ్లతోనే చూసి పంపేయడం అలవాటైంది.

ఆ కొత్త యంత్రం పుస్తకం సగం అయ్యేసరికి ఇంటికి చుట్టాలొచ్చారు. వదిన హడావిడిలో పీటను నడిచే దారిలో వదిలేసింది. చిలక కాలికి అది తగిలింది. "కళ్లున్నవాళ్లకి ఇల్లు సర్దుకోవడం ఇంత కష్టమని నాకు తెలీదు వదినా" అంది చిలక. చుట్టాలు పడీపడీ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నవ్వాక లోపలికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. మిగిలిన సగం పుస్తకాన్నీ ఒక్క ఊపున ఎంచుకుని, మొత్తానికీ ఇంగ్లీషని గుర్తు కొట్టి పంపేసింది.

అది అలసటో కోపమో ఆ తరవాత ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా వదినకే తేలలేదు. అలసటే అయితే బాగుండునని మాత్రం ప్రతిసారీ అనిపించేది.

కొన్ని వారాలు ఏమీ జరగలేదు. తరవాత ఒక దర్జీ ఆవిడ ఫోన్ చేసి, యంత్రంలో నీళ్లు అయిపోయాయి, మళ్లీ ఎలా పోయాలి అని అడిగింది. చిలక ఇంగ్లీషులో విన్నది విన్నట్టు తెలుగులో చెప్పింది: మూత ఎడమవైపు తిప్పండి, గీత వరకు పోయండి, బిగించండి. వాటన్నిటికంటే ముందు తెలుగులో ఇంకో వాక్యముంది. స్విచ్ ఆపి, యంత్రం పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దని. ఆవిడ వేడి మీదే మూత తిప్పింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. కత్తెర పట్టుకుని బతికే మనిషి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ కాలిన చెయ్యి ఒకరిది, ఆకులు వెతుక్కోవలసింది ఇంకొకరు.

ఆఫీసులో సూపర్‌వైజర్ ఆ పేజీ తెరిచి చూశాడు. జాగ్రత్త ఎర్రక్షరాల్లో ఉంది. అయినా మంచివాడు కాబట్టి, "ఫైల్లోనే ఏదైనా తేడా ఉందేమోనమ్మా" అన్నాడట.

"మా వదిన చేసింది సార్. తప్పుండదు" అందట చిలక.

ఇంటికొచ్చి ఆ మాట కూడా చెప్పింది. వదిన తేలు కుట్టిన దొంగలా నిలబడి, "టీ పెట్టనా?" అంది.

ఆ రోజు నుంచి చిలక గదిలో గొంతు నెమ్మదించింది. గులకరాళ్లు పోయి మాటలయ్యాయి. అదే పేజీని మళ్లీ మళ్లీ వినేది. వదినకి కూడా గోడ ఇవతలి నుంచి ప్రతి పదమూ అర్థమయ్యేది. మూత ఎడమవైపు తిప్పండి. గీత వరకు పోయండి. ఎన్నిసార్లు విన్నా రెండో గొంతు రాలేదు. ఎలా వస్తుంది?

"అందరూ ఉందంటున్నారు, నాకు వినపడట్లేదు" అంది చిలక ఒకరోజు అన్నం కలుపుతూ. "చెవులు పోతున్నాయేమో అన్నయ్యా."

"డాక్టరుకి చూపిద్దాంలే" అన్నాడు ఆమె అన్న. వదిన వడ్డించే నెపంతో లేచి వెళ్లిపోయింది.

చెప్పేస్తే పోయేదే. కానీ చెబితే, ఎందుకలా చేశావని అడుగుతారు. దానికి పీట కథ చెప్పాలి. అంత చిన్న మాటకి అంత పనా అని మొగుడు చూసే చూపును వదిన ముందే చూసేసింది. చెప్పకుండానే దిద్దుకునే దారి ఉంటే బాగుండుననుకుంది. మర్నాడు సెలవు. చిలక స్నానానికి వెళ్లినప్పుడు వదిన ఆ గదిలో దూరింది. ఆఫీసులోనూ ఇంట్లోనూ తెరిచేది ఆ ఒక్క ఫైలే. అందులో ఒక్కో తెలుగు వాక్యానికీ తెలుగు గుర్తు పెట్టి, ఎక్కడిదక్కడ ఉంచి వచ్చేసింది. అమ్మయ్య అనుకుంది కూడా.

కాసేపటికి గోడ అవతల రెండో గొంతు పలికింది. స్విచ్ ఆపి, యంత్రం పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. తరవాత చాలాసేపు ఏ గొంతూ లేదు. వదిన గిన్నెలు కడుగుతూనే ఉంది.

సాయంత్రం చిలక తనంతట తనే వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"ఉంది వదినా" అంది. "మొదటినుంచీ ఉంది. నేనే వినలేదు. రేపు ఆఫీసుకెళ్లి తప్పు నాదేనని చెప్పి మానేస్తాను. ఇంకొకరి చెయ్యి కాలకముందే."

వదిన దిద్దిన తప్పే ఆ పిల్ల మెడకి చుట్టుకుంది. ఫైలు ముట్టుకోకుండా ఉండుంటే కనీసం ఏదో ఒకరోజు ఎవరో ఒకరు కనిపెట్టేవాళ్లు. ఇప్పుడిక ఎవరూ కనిపెట్టలేరు, తను తప్ప.

తడిచేతులు చీరకి తుడుచుకుని చిలకని గదిలోకి తీసుకెళ్లింది. కంపెనీకి మొదట పంపిన ఫైలు తన దగ్గర ఇంకా ఉంది. అది పెట్టింది. మూత ఎడమవైపు తిప్పండి. గీత వరకు పోయండి. బిగించండి. ఆ తరవాత కొత్తది పెట్టింది. ఈసారి ముందుగా ఆడ గొంతు వచ్చింది.

"నీ చెవులకేం కాలేదు" అంది వదిన. "నేనే తెలుగు గుర్తులు పెట్టలేదు. ఆ పీట రోజు. కోపమొచ్చింది నాకు."

చిలక వదిన వైపు తిరిగింది. "కొత్తది ఎప్పుడు చేశావు?"

"పొద్దున. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు."

"ఆ రోజంటే కోపం" అంది చిలక నెమ్మదిగా. "నాదీ పాడు నోరే. మరి ఈ రోజు నా మీద కోపం లేదుగా."

వదిన చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"పొద్దుట్నుంచీ నా చెవులు పోయాయని ఏడుస్తూ కూర్చున్నాను వదినా. నువ్వు గిన్నెలు తోముతున్నావు. ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. అది బాగానే వినపడుతోందే అనుకున్నాను."

వదినకి ఏడుపొచ్చింది. ఏడ్చే హక్కు లేదనిపించి ఆపుకుంది.

"రేపు నాతో రా" అంది చిలక. "సూపర్‌వైజర్‌కి చెప్పు. అక్కణ్ణుంచి దర్జీ ఆవిడ ఇంటికెళ్దాం. ఆవిడకీ నువ్వే చెప్పు. పీట సంగతి కూడా."

"చెప్తాను."

వదిన వెళ్లడానికి లేచింది.

"కూర్చో. ఇంకెక్కడైనా వదిలేశావేమో చూడాలి" అంది చిలక. ఇన్నేళ్లలో వదిన పనిని ఆమె సరిచూడడం అదే మొదలు. మీట నొక్కి గొంతును పాత వేగానికి పెంచింది. "కళ్లు మూసుకుని విను."

మళ్లీ గులకరాళ్లు మొదలయ్యాయి. వదినకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మగ గొంతు మారి ఆడ గొంతు రావడం మాత్రం తెలుస్తోంది. అది వచ్చిన ప్రతిసారీ చిలక వేలు లెక్కపెడుతూ బల్ల మీద టక్కుమంటోంది. పుస్తకం అయిపోయేదాకా వదిన కళ్లు తెరవలేదు.