అవతలి గట్టు గంట

హెస్టర్ తను నడిపే రేవు పడవలో చేరిన నీటిని రేకు డబ్బాతో తోడిపోస్తోంది. జ్వరంతో చెయ్యి మాటిమాటికీ ఆగిపోతోంది. ఆమె అరచేతులు తెడ్డు పిడిలాగే నున్నబడి గట్టిపడ్డాయి. వేళ్లు పూర్తిగా చాచడం మరిచిపోయి చాలా ఏళ్లయింది.

గట్టుమీద పబ్బు యజమాని సిడ్ తన గోడకు సున్నం వేస్తున్నాడు.

“ఏం ముసలమ్మా, ఊరంతా వెల్ల వేశాం. నువ్వొక్కదానివే మిగిలావు. ఇటు రా, నీకూ ఒక పూత పూస్తా!”

“నీ బీరుకు పూయరా. రంగైనా వస్తుంది.”

చక్కగా ఉంచుకున్న పల్లెకు జిల్లాలో ఏటా ఇచ్చే బహుమతి ఎప్పుడూ ఎగువ ఊరికే పోయేది. ఈసారి తమ ఊరు ఈల్‌స్టోకు రావాలని ఊరి దొరసాని మిసెస్ వెనబుల్స్ పట్టుబట్టింది. పాత నీటిమర చక్రానికి నూనె పెట్టించింది. సమాధుల మధ్య గడ్డి కోయించింది. అవతలి గట్టున పడవను పిలిచే ఇత్తడి గంటను తళతళలాడేలా తోమించింది. ఇక మిగిలింది హెస్టరే.

“హెస్టర్, బంగారం, ఒక్క పూట. పడవ తీసుకుని ఆ విల్లో పొదల వెనక కూర్చో. బహుమతి తేల్చేవాళ్లు చూసి వెళ్లాక వద్దువుగాని.”

“ఒళ్లు కాలిపోతోందమ్మగారూ. ఇంట్లో తలుపేసుకు పడుకుంటాను.”

“ఇల్లు చూపించాలిగా. నువ్వు దగ్గితే ఏం బాగుంటుంది?” మిసెస్ వెనబుల్స్ చేతితొడుగు సర్దుకుంది. “ఆ ఇల్లు మాదని గుర్తుందిగా? ఇవాళ కనబడకు, బతికినన్నాళ్లూ అందులోనే ఉండు. కనబడ్డావో, పై నెలకి ఖాళీ చెయ్యాలి.”

హెస్టర్ ఆ ఇంట్లోనే పుట్టింది. తల ఊపి తెడ్లు అందుకుంది.

పొదల వెనక నేల చెమ్మగా, చల్లగా ఉంది. ఒడ్డునే ఉన్న చర్చి దగ్గరి మాటలు ఆమెకు వినిపిస్తున్నాయి. వరద ఎంత ఎత్తుకు వచ్చిందో తెలిసేలా చర్చి గోడమీద చెక్కిన గీతలను వచ్చినవాళ్లు చూస్తున్నారు.

“అన్నిటికన్నా పైనున్న ఈ గీత ఏమిటి?” అన్నాడు ఒకాయన.

“పెద్ద వరద అండి. ఒక్క ప్రాణం పోలేదు. మా ఊరి అదృష్టం,” అంది మిసెస్ వెనబుల్స్.

హెస్టర్ గోనెపట్టా దగ్గరగా లాక్కుంది. ఆ వరదరోజు అమ్మ అవతలి గట్టున గంట మోగిస్తూ ఉండిపోయింది. నాన్న తాగి నిద్రపోయాడు. హెస్టర్‌ది తెడ్డు ఎత్తలేని వయసు. చివరికి అమ్మే నీళ్లలోకి దిగింది, ఇవతలికి చేరలేదు. తెడ్డు ఎత్తగలిగిన నాటినుంచి గంట విని హెస్టర్ కదలకుండా ఉన్నది లేదు.

వచ్చినవాళ్లు ఆ వరద తర్వాత కట్టిన వంతెన మీదుగా అవతలి గట్టుకు వెళ్లారు. కాసేపటికి గంట మోగింది.

ఎవరో సరదాకు లాగారు. ఆ లాగడంలోనే తెలుస్తోంది. హెస్టర్ తెడ్ల మీద చెయ్యి వేసి మళ్లీ తీసేసింది. ఇల్లు. పొయ్యి పక్కన తను కూర్చునే బల్ల. గంట మళ్లీ మోగింది.

పడవ పొదల్లోంచి బయటికి వచ్చింది.

ఎదురు ప్రవాహం. ఒక్కో తెడ్డు వేటుకూ ఛాతీలో ఏదో మెలిపెడుతోంది. ఆమె గట్టు చేరేసరికి, గంట పక్కన నిలబడ్డ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన చప్పట్లు కొట్టాడు.

“అద్భుతం! మాకోసం ఏర్పాటు చేశారా?”

“అవునండీ, పాత పద్ధతి మీకు చూపిద్దామని,” అని మిసెస్ వెనబుల్స్ నవ్వింది. పడవను మెచ్చుకుంటున్నట్టు వంగి, నవ్వు చెదరకుండానే అంది: “పై నెల, హెస్టర్.”

హెస్టర్ ఆమెవైపు చూడలేదు. “ఎక్కండి బాబుగారూ.”

“అబ్బే, వద్దు. ఊరికే మోగించాను.”

హెస్టర్ పడవ తిప్పింది. నది మధ్యలో తెడ్లు ఆగాయి. ఆమె తల మోకాళ్ల మీదికి వాలింది. అలుపు తీర్చుకుంటోందనుకుని టోపీ పెద్దమనిషి చెయ్యి ఊపాడు. పడవ అడ్డం తిరిగి, దానంతటదే పొదల వైపు కొట్టుకుపోయింది.

బహుమతి ఈల్‌స్టోకే వచ్చింది. పాత పద్ధతిని బతికించుకుంటున్న ఊరని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆ పడవ పబ్బు ముందు పచ్చికలో ఉంది. నీరు నిలవకుండా సిడ్ దాని అడుగున చిల్లులు పొడిచాడు. మట్టి నింపి ఎర్ర జెరేనియం పూలు నాటారు. తెడ్డు ఆనిన చోట చెక్క అరిగి ఏర్పడిన గుంటలో మాత్రం, వాన పడితే కాస్త నీరు నిలుస్తుంది.