మోచేతి మర్దన

గిన్నెలు తోముతుంటే కాఫీ గిన్నె చేతిలోంచి జారి సింకులో పడింది. గుమ్మంలో నిలబడ్డ మా అత్తగారు డోన్యా ఆల్బా "మళ్ళీనా?" అంది. నొప్పి కుడి మోచేతి ఎముక దగ్గర మొదలై మణికట్టు దాకా పాకింది. తలుపు గడియ తిప్పలేను, తడిగుడ్డ పిండలేను. అయినా రెండూ చేస్తూనే ఉన్నాను.

నేను సాంతియాగో నగరంలో ఒక జుట్టు సెలూన్‌లో పనిచేస్తాను. మా ఆడవాళ్ళ ఉంగరాల జుట్టును గుండ్రటి బ్రష్‌కి చుట్టి, వేడిగాలి కొడుతూ, తిన్నగా అయ్యేదాకా లాగాలి. శనివారమైతే కూర్చోవడానికే ఉండదు. ఇంటికొచ్చేసరికి గిన్నెలు ఎదురుచూస్తుంటాయి. ఇస్త్రీ చేసిన చేతులతో నీళ్ళు ముట్టుకుంటే నరాలు పట్టేస్తాయని మా దగ్గర ప్రతి ఇంట్లోనూ చెబుతారు. ఇస్త్రీ చేసిన రోజు అత్తగారు తెల్లారేదాకా ఫ్రిజ్ తలుపు కూడా తియ్యదు. మరి పొద్దుటినుంచి వేడిగాలిలో మాడిన నా చేతుల మాటేమిటంటే, డ్రయ్యర్ వేడి ఇస్త్రీ వేడి కాదట. నొప్పి మొదలయ్యాక మాత్రం మాట మార్చింది. వేడి చేతులు నీళ్ళలో పెట్టావు, చేజేతులా తెచ్చుకున్నావు అంది. సిగ్గుచేటు ఏమిటంటే, నేనూ నమ్మాను. తప్పు నాదే అనుకుని ఏడాది పాటు ఏవేవో నూనెలు రాసుకుంటూ ఊరుకున్నాను.

చివరికి ఫిజియోథెరపీకి వెళ్ళాను. దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారని అక్కడ చెప్పారు. ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయన రాడామెస్ అన్నం బల్ల దగ్గర పొలమారేలా నవ్వాడు. మా ఇంట్లో రాణిగారు టెన్నిస్ ఆడుతున్నారని వారం రోజులు వీధంతా చెప్పుకున్నాడు.

థెరపీ చేసే అమ్మాయి పేరు యొకాస్తా. మొదటిరోజు నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేలితో మెల్లగా నొక్కుతూ, ఇక్కడా, ఇక్కడా అని అడిగింది. నొప్పి ఉన్నచోటికి ఇంకా రాకముందే నాకు ఏడుపొచ్చేసింది. గట్టిగా నొక్కానేమో అని కంగారుపడింది. ఈ చేతిని పట్టుకుని ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్ళయిందో ఆమెకెలా చెప్పను? మోచేతి కింద బిగించి కట్టుకోవడానికి పట్టీ ఇచ్చింది. చిన్న బరువు పట్టుకుని మణికట్టును నెమ్మదిగా కిందికి దించడం నేర్పింది. చేతికి విశ్రాంతి ఇవ్వకపోతే బ్రష్ పట్టుకోవడం కూడా కుదరదంది. రోజూ మర్దన చెయ్యాలి, ఇంట్లోంచి ఎవరినైనా తీసుకురా, నేర్పిస్తాను అంది.

రాడామెస్‌ని అడిగాను. సరే, గురువారం వస్తానన్నాడు. ఆ గురువారం నేను పెదవులకు రంగు కూడా వేసుకుని వెళ్ళాను, ఎందుకో నాకే తెలియదు. తలుపు చప్పుడైనప్పుడల్లా కుర్చీలోంచి లేచాను. అతను సాఫ్ట్‌బాల్ ఆటకి వెళ్ళిపోయాడు. పని పడిందట అని యొకాస్తాతో అబద్ధం చెప్పాను. కుడిచేతికి మర్దన ఎలా చెయ్యాలో ఆమె నా ఎడమచేతికే నేర్పింది.

ఆదివారం చూస్తే సొరుగులో పట్టీ లేదు. మధ్యాహ్నం రాడామెస్ దాన్ని చేతికి కట్టుకుని ఇంటికొచ్చాడు. బంతి విసిరి విసిరి మోచెయ్యి పట్టేసిందట. నా పట్టీ ఎందుకు తీశావంటే, ఇంట్లో ఊరికే పడుందిగా అన్నాడు. కుర్చీలో వాలి చెయ్యి చాచాడు. అత్తగారు కొడుకు నుదురు నిమిరి, నా వైపు తిరిగింది.

"పొద్దుటినుంచీ ఇస్త్రీ చేశానమ్మాయ్, ఐసు ముట్టుకోలేను. మర్దన నేర్చుకున్నావుగా, నువ్వే చెయ్యి."

పక్కన కూర్చుని అతని మోచేతికి ఐసు పెట్టాను. ఎడమ బొటనవేలితో వెతికాను. నొప్పి ఉన్నచోటు నా వేలికి వెంటనే దొరికింది.

"అక్కడే, అక్కడే," అని రాడామెస్ కళ్ళు మూసుకున్నాడు.

కాసేపు అలాగే రుద్దాను. తర్వాత ఏం తోచిందో, అడిగాను.

"నాకు నొప్పి ఏ చేతికి?"

అతను కళ్ళు తెరిచి నా రెండు చేతులూ చూశాడు. పాపం, నిజంగానే ఆలోచించాడు.

"ఎడమచేతికి."

అత్తగారు కిటికీలోంచి బయటికి చూసింది. నేను అతని చేతిని మెల్లగా అతని ఒళ్ళో పెట్టాను. పట్టీ విప్పి నా చేతికి కట్టుకుని, మోకా అనే ఊళ్ళో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్ళడానికి బట్టలు సర్దుకున్నాను. ఇంత చిన్నమాటకా అని అతను గుమ్మం దాకా వచ్చి అడిగాడు. అతనికేసి చూస్తే గుండె బద్దలైంది, అంతే. కోపం వచ్చుంటే పోట్లాడి, మళ్ళీ అన్నం వడ్డించి, ఉండిపోయేదాన్ని. కోపం రాలేదు.